చేటలో పడ్డ తెలుపు

ఆ రోజుల్లో అనగానే అందరూ లాంతర్ల కాలం దగ్గర మొదలుపెడతారు. నేను చెప్పే ఆ రోజులు మొన్నమొన్నటివే. చిన్నతనం నా మనవరాలిది. అందులోకి నేనెలా దూరానో నాకే తెలీదు. పాలిటెక్నిక్ చదివే ఆ పిల్ల ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రిసాలిలో, ఉక్కు ప్లాంటువాళ్ళిచ్చిన మా క్వార్టరు ముందుగదిలో ఒక రేకు డబ్బా పెట్టుకుని, అందులో ఎర్రది, ఆకుపచ్చది, నీలంది మూడు లేజరు దీపాలు బిగించింది. మూడింటినీ ఒకే దారిలో పంపితే గోడమీద తెల్లచుక్క పడుతుందట. “ఏటే ఇది? తెలుపు కావాలంటే తెల్లబల్బు ఎట్టుకోవచ్చు కదే! మూడు కొని ఒకటి సెయ్యడం ఏ ఇంటి తెలివే?” అన్నాను. “తెలుపొక్కటే కాదు అమ్మమ్మా, ఎక్కువా తక్కువా చేస్తే ఏ రంగైనా వస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు, పతా హై?” అంది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్నే కానీ, పెళ్ళైన దగ్గర్నుంచీ వాకిట్లో రంగులముగ్గులు వేస్తున్నదాన్ని. ఎర్రరంగులో ఆకుపచ్చ కలిస్తే వచ్చేది బురద. “పసుపొస్తే నా పేరు మార్చుకుంటాను” అన్నాను.

ఆ డబ్బాలో ఒక రంగుని దాటనిచ్చి, ఇంకో రంగుని పక్కకి మళ్ళించే గాజుముక్కలు కూడా ఉన్నాయి (మా అత్తగారూ అంతే, కూతుళ్ళని దాటనిచ్చేది, కోడళ్ళని మళ్ళించేది). ఆఖర్న రెండు చిట్టి అద్దాలు గజగజా వణుకుతూ ఆ చుక్కని తిప్పితే, కాకరపువ్వొత్తి గిరగిరా తిప్పినప్పుడు సున్నా కనిపించినట్టు, గోడమీద బొమ్మ కనిపిస్తుంది. మా గదిలో తెల్లచుక్క బాగానే పడింది. “గోడకి తెల్లసున్నమే కదే, తెల్లగా కాక ఎలాగుంటాది?” అని నేను ఒప్పుకోలేదు. చవితి పందిట్లో హారతి అయ్యాక వినాయకుణ్ణి వెలుగుతో గీస్తానని పిల్ల క్లాసు మొత్తాన్నీ పిలుచుకుంది. తీరా ముందురోజు పందిట్లో పెట్టి చూస్తే, ఎదురుగోడ మీద ఎర్ర వినాయకుడు, ఆకుపచ్చ వినాయకుడు, నీలం వినాయకుడు వరసగా నిలబడ్డారు. మేమంతా చందా బాబాయి అని పిలిచే కమిటీ పెద్ద నడుంమీద చేతులు వేసుకుని, “ఏటమ్మా ఇది? మనం సందాలెత్తింది ఒక్క వినాయకుడికే! రేపటికి ముగ్గురూ ఒకరవ్వాలి, లేపోతే డీజేవోడి లైట్లు ఎట్టించేస్తాను” అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది.

పిల్ల డబ్బాని మూలకి తోసేసి, “కబాడీవాడికి ఇచ్చెయ్ అమ్మమ్మా” అంది. చిల్లుబకెట్టులో కూడా తులసి నాటుకునే నా ఇంట్లో పాతసామాన్లవాడి మాటా! అన్నం కలిపి ముద్ద నోట్లో పెడుతూ అడిగాను: “ఇంట్లో ఒకటైనవి పందిట్లో మూడెందుకయ్యాయే?” ఇంట్లో గోడ మరీ దగ్గరట. అక్కడికి మూడూ కలిశాయి కానీ, దాటాక దేని దారిన అది పోయిందట. “బజార్లో కలిసి నవ్వుకున్న ఆడోళ్ళు ఎవరింటికాళ్ళు పోయినట్టా?” అన్నాను. “హా, అదే! కలిస్తే చాలదు అమ్మమ్మా, చివరిదాకా కలిసి నడవాలి.” ఎందుకో ఆ మాట నాకు నచ్చింది. సరిచెయ్యాలంటే దూరం గోడ కావాలి. మా వెనక సందు చివరి గోడేమో ప్లాంటు దుమ్ముపట్టి నల్లగా ఉంటుంది. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు పైకి పెట్టి గంజితో చేటకి అంటించి, మర్నాడు పొద్దు వాలుతుండగా నేనే సందు చివర నిలబడ్డాను.

పిల్ల దీపాలని సన్నం చేసి, “ముఖం పక్కకి పెట్టు, చేటలోనే చూడు, ఇటు చూడకు” అని నన్నే గదమాయించింది (ఆ ఇంట్లో గదమాయించేది నేను). దగ్గర అట్టముక్క పెట్టి చూసుకుంటుంది, నా చేటలో ఎలా ఉందో అడుగుతుంది, మళ్ళీ మర తిప్పుతుంది. “ఎర్రది కిందకే! ఇంకాస్త! అబ్బ, దాటించేశావే మొద్దూ!” అని నేను అరుస్తుంటే వెనకింటి దీదీ తలుపు తీసి, నా చేటని చూసి, “క్యా దాయీ, ఛేర్‌ఛేరా అభీ సే ఆ గయా?” అంది (పుష్యమాసంలో పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడుక్కునే ఇక్కడి పండగ అది, అప్పుడే వచ్చేసిందా అని వేళాకోళం). ఒకరింట కరివేపాకు రెబ్బ అడగని మనిషిని నేను! గట్టిగా ఏదో అనబోయాను. అప్పుడే ఎర్రచుక్క వెళ్ళి ఆకుపచ్చదాని మీద కూర్చుంది. బురద కాదు. పసుపు. అచ్చం కొమ్ముపసుపు. చూడ్డానికి దీదీ గుమ్మం దిగి వచ్చింది. ఇంతలో నీలం జరుగుతూ జరుగుతూ వచ్చి అందులో కలిసింది, చేటలో గుప్పెడు ముగ్గుపిండి పోసినట్టు తెల్లగా. “ఆగే! కదపకే! తెల్లనే!” అని వీధంతా వినేలా కేకేశాను.

ఆ సాయంత్రం గోడమీద ఒక్కడే వినాయకుడు, తెల్లగా నిలబడ్డాడు. “సందా సరిపోయిందమ్మా” అని చందా బాబాయి దణ్ణం పెట్టాడు. పిల్ల జనంలో నన్ను వెతుక్కుని చూసి, బొజ్జకి మాత్రం పసుపురంగు వేసింది.

ఇప్పుడా పిల్ల నాగపూర్లో ఉద్యోగం చేస్తోంది. ఫోనెత్తగానే “కైసీ హో పసుపమ్మమ్మా?” అంటుంది. పందెం ఓడింది నేనే కాబట్టి పలుకుతాను. ఆ చేట కాగితంతోనే మేకుకి వేలాడుతోంది. వెలుగు మరక అందులో ఏమీ మిగల్లేదు, అప్పుడప్పుడు చూస్తుంటాను. కాగితం పీకితే చేట మళ్ళీ పనికొస్తుంది, పీకబుద్ధి కాదు. బియ్యం చెరగాల్సినప్పుడు దీదీ ఇంటికే వెళ్ళి నిలబడతాను. “ఛేర్‌ఛేరా ఆ గయా దాయీ?” అంటుంది. “ఆ గయా, చేటియ్యి” అంటాను.