జెట్టుకి కొట్టిన కొబ్బరికాయ

అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊరి గుండె డాక్టరు వాసుదేవరావు రిటైరయ్యాక ఒక దేశపు వైమానిక దళాన్నే కొనేశాడు. సరే, దళం మొత్తం కాదు, ఒక్క జెట్టు. అదైనా యుద్ధం చేసింది కాదు. తూర్పు ఐరోపాలో కుర్ర పైలట్లకు యుద్ధం నేర్పి నేర్పి ముసలిదై, ముక్కలుగా పెట్టెల్లోకెక్కి అమెరికా చేరింది. టెక్సస్‌లో పశువుల ఆసామి ఒకాయన దాన్ని కొని, బిగించి, ముద్దుగా చూసుకున్నాడు. ఆయన పోయాక భార్య అమ్మకానికి పెట్టింది. ఆవిడ దాపరికం లేని మనిషి. ఇంధనం ముల్లు అబద్ధమాడుతుందనీ, ఎడమ బ్రేకు అప్పుడప్పుడు అలుగుతుందనీ చెప్పి మరీ అప్పగించింది.

కొత్త బండికి పూజ చేయకపోతే ఎలా? ఊరి చివర చిన్న ఎయిర్‌పోర్టులో జెట్టు ముక్కుకి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాసుదేవరావు కొబ్బరికాయ కొట్టాడు.

“ఉండండి, చిప్ప ముక్కలు ఏరేస్తాను,” అంది భార్య పద్మిని.

“రాహుకాలం వచ్చేస్తోంది. నువ్వు ముందు పక్కకి జరుగు!”

ఆయన ఎక్కి కూర్చుని మీట నొక్కగానే ఇంజన్ అందుకుంది. గాలితోపాటు ఒక చిప్ప ముక్కని కూడా పీల్చుకుంది. టక్కుమని ఒక్క చప్పుడు, ఆపైన సన్నటి ఈల. జీవితమంతా గుండెచప్పుళ్ళు విన్న చెవికి ఆ ఈల అర్థమైంది. లోపల దెబ్బ తగిలింది. విప్పించాలి. విప్పిస్తే చిప్ప బయటపడుతుంది. ఆదివారానికల్లా గుడి క్యాంటీన్‌లో ‘జెట్టుకి కొబ్బరి తినిపించిన డాక్టరు’ అయిపోతాడు. ఆయన దేన్నయినా ఓర్చుకుంటాడు గానీ, నలుగురి నవ్వు ఓర్చుకోలేడు.

అందుకే అమ్మేద్దామనుకున్నాడు. కొనడానికి స్నేహితుడి కొడుకు రాజీవ్ వచ్చాడు. పైలట్ లైసెన్సున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు.

“ఎందుకు అమ్మేస్తున్నారు అంకుల్?”

“మీ ఆంటీకి భయంరా.”

“ముందు మెకానిక్‌తో చెక్ చేయించమన్నారు ఫ్రెండ్స్. మీ దగ్గర కొంటూ చెకింగేంటి అంకుల్? డాడీ హార్టే మీ చేతుల్లో పెట్టాం.”

మాట నాలుక చివరిదాకా వచ్చింది. “జాగ్రత్తగా నడుపు,” అన్నాడు వాసుదేవరావు.

ఇంటికి రాగానే పద్మిని అడిగింది. “ఆ చప్పుడు సంగతి చెప్పారా?”

“చెప్పాను.”

ఆ నెలలోనే వేరుశనగ పొలాల మీద ఇంజన్ ఆగిపోయింది. రాజీవ్ బతకలేదు.

అంత్యక్రియల దగ్గర ఆ తండ్రి వాసుదేవరావు చెయ్యి వదల్లేదు. “మీ దగ్గరున్నప్పుడు బాగానే ఉండేదిగా డాక్టర్‌గారూ?”

“లక్షణంగా ఉండేది.”

పక్కనే ఉన్న పద్మిని లేచి వెళ్ళి దూరంగా కూర్చుంది. ఆనాటి నుంచి ఆయనకి వడ్డిస్తుంది గానీ పలకరించదు.

ఈ సంగతి ఎవరెత్తినా వాసుదేవరావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

“నేను ఏ జెట్టూ కొనలేదండీ. రాజీవ్ అనే అబ్బాయెవరో నాకు తెలియదు.”