పులుల పార్కులో కాక పాసు

మా పక్క క్వార్టరు కాక మొన్న బుధవారం పోయారు. నేను ఫస్టు షిఫ్టుకు బయల్దేరుతుంటే వాళ్ల కోడలు వాకిట్లో నిలబడి చెప్పింది. నా నోట్లోంచి ఎప్పుడూ ఏదో ఒక కొంటెమాట వస్తుందని అందరికీ తెలుసు. ఆ పొద్దు టిఫిన్ డబ్బా అక్కడే దించి వాళ్లింట్లోకి నడిచాను.

కాక ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి. రిటైరయ్యాక కూడా సాయంత్రమైతే కనబడినవాళ్లనల్లా "ఇంట్లకు అందరొచ్చిండ్రా?" అని అడిగేవారు.

"రాలే కాకా. మా ఆమె తల్లిగారింటికి పోయింది, నువ్వు పోయి తోల్కరా" అనేవాడిని.

"నిన్ను ఇడిచిపెట్టి బతికిపోయింది బిడ్డ" అనేవారు.

తెలంగాణ రాకముందు ఓ ఎండాకాలం కాలనీవాళ్లం వ్యాను కట్టుకుని పులుల పార్కుకు వెళ్లాం. గుంపుగా వెళ్లామని మాకు టికెట్టు తగ్గించారు. అరవై దాటినందుకు కాకకు ఉచిత పాసు. లోపల తిరిగినంతసేపూ ఆ చీటీ ఆయన పిడికిట్లోనే ఉంది. తిరిగొస్తూ వ్యానులో ఆయన కునుకు తీస్తే మెల్లగా లాగి నా జేబులో వేసుకున్నాను.

గేటు దాటాక లేచి వెతుక్కున్నారు.

"ఫికరెందుకు కాకా? పాసు వాపసియ్యకుంటే నువ్వింక అడవిలనే ఉన్నట్టు రాస్కుంటరు. గంతే."

ఆయన డ్రైవరు సీటు తట్టారు. "బండాపుండ్రి!"

బాయి పద్ధతి తెలియనివాళ్లకు చెప్పాలి. దిగేముందు దీపాల గదిలో మన నెంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే మేకుకు తగిలిస్తారు, మనం తలదీపం తీసుకుంటాం. పైకొచ్చి దీపమిచ్చి బిళ్ళ తీసుకుంటాం. బిళ్ళ మేకుకే ఉంటే మనిషి లోపలే ఉన్నట్టు.

బండి ఆగగానే కాక గేటువైపు ఉరికారు. పొద్దు గుంకుతోంది. నేను వెంటపడ్డాను.

"ఒకపారి బిళ్ళ మరిచి ఇంటికి పోయిన్రా. నేనింక లోపలనే ఉన్ననని దేవులాడనీకి నా దోస్తు బాయిలకు పోయిండు. పైకప్పు కూలి వాని కాలు పోయింది. ఇప్పుడు ఈ పోరలు నా కోసం పులులల్లకు పోతరు!"

పాసు తీసి ఇచ్చాను. కొడతారనుకున్నాను.

"పరాష్కాలు మనిషి బయటికొచ్చినంక ఆడాలెరా" అన్నారు.

గేటు దగ్గర గార్డు పాసు చూసి నవ్వాడు. "ఇది వాపసిచ్చేది కాదు తాతా, ఉంచుకో."

"ఉంచుకుంటగనీ, నేను బయటికొచ్చిన్నని నీ బుక్కుల రాయి."

అతను రాశాడు.

"ఇంకెవలన్న ఉన్నరా లోపల?"

"రెండు జీపులున్నయి. వస్తయి తాతా, నువ్వు పో."

కాక కదల్లేదు. మేం వ్యాను హారను కొట్టాం, పిలిచాం. ఒక జీపు వచ్చింది. అందులోవాళ్లెవరో కాకకు తెలియదు, అయినా వాళ్లకు చెయ్యెత్తారు. మళ్లీ గేటు కడ్డీ పట్టుకుని, ఆ దుమ్ములోంచి రెండో జీపు లైట్ల కోసం చెట్లలోకి చూస్తూ నిలబడ్డారు.