వాసంతి నేర్చుకున్న దెబ్బ

కాజీపేట రైలు బ్రిడ్జి కింద బండి మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లు చున్నీ పట్టి లాగిన రోజున వాసంతి మోకాళ్లు రెండూ గీరుకుపోయాయి. వాళ్ల నవ్వు చాలా దూరం దాకా వినిపించింది. ఇంటికొచ్చి పసుపు అద్దుకుంటూ ఆమె ఏడుస్తుంటే, మరమగ్గం మీద పనిచేసే భర్త జీవన్ ఫోన్‌లో ఏదో వెతుకుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే ఒక వీడియో ఆమె ముందు పెట్టాడు.

"గిది జూడు. ఎవడన్న ఎన్కనుంచి పట్టుకుంటె ఎట్ల ఇడిపిచ్చుకోవాల్నో చూపెడ్తాండు."

వీడియోలోని మాస్టారు హిందీలో అరిచి చెప్పేవాడు. వీధిలో అందమైన పట్లు పనికిరావట. కన్ను, గొంతు, మోకాలు, ఏది అందితే అది కొట్టి పరుగెత్తాలట. రోజూ పనికి పోయేముందు భార్యాభర్తలు డాబా మీద సాధన చేసేవారు. మొదట్లో వాసంతికి నవ్వాగేది కాదు. తర్వాత తర్వాత "జర గట్టిగ పట్టు" అని తనే కసిరేది. ఒకనాడు ఆమె మోచేయి తగిలి జీవన్ పెదవి పగిలింది. నెత్తురు తుడుచుకుంటూనే "ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు సంబరంగా.

హన్మకొండ చౌరస్తా దగ్గర బట్టల దుకాణంలో చీరలు చూపించే పని ఆమెది. నడకలో వచ్చిన మార్పు తోటి ఆడవాళ్లు పసిగట్టారు. అన్నం తినే వేళ వాళ్లకూ నేర్పింది. ఒకనాడు సూపర్‌వైజర్ మల్లికార్జున్ అటుగా వచ్చి, "నా మీద చూపియ్ చెల్లె" అంటూ చెయ్యి చాపాడు.

"నిన్నెందుకు కొడ్తనన్నా" అంది వాసంతి. అందరూ నవ్వారు.

ఆమె అత్త లింగమ్మకు ఆపరేషన్ అయినప్పుడు రక్తం ఇచ్చినవాడు మల్లికార్జున్. ఆ ఏడాది నుంచి వాసంతి అతనికి రాఖీ కడుతోంది. పండగపూట వాళ్లింట్లో తిన్న మనిషి.

ఆ మధ్యాహ్నం పై అంతస్తు గోదాములో చీరల కట్టలు దించుతుంటే అతను లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. వెనకనుంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా డాబా మీద జీవన్ పట్టుకున్నట్టే. వాసంతి మోచేయి కదల్లేదు. నోట్లోంచి "అన్నా, వద్దన్నా" అన్న మాట తప్ప మరేదీ రాలేదు. అది కూడా గుసగుసలాగే వచ్చింది. వీడియోలో మాస్టారు మీద పడేవాళ్లందరూ ముక్కూమొహం తెలియనివాళ్లు. తన చేతులు రాయిలా బిగుసుకుపోయాయి. అతని చేతులు మాత్రం ఆగలేదు. కింది నుంచి ఎవరో స్టాక్ కోసం కేకేస్తే అప్పుడు వదిలాడు.

"ఆ కట్ట కిందికి తీస్కపో," అన్నాడు చొక్కా సర్దుకుంటూ.

తీసుకుపోయింది. పెళ్లి చీరలకు వచ్చిన వాళ్ల ముందు ఒక్కొక్కటే విప్పి, కొంగు పరిచి చూపించింది. ఎందుకలా చేసిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో చెప్పినప్పుడు జీవన్ మొదట అడిగింది ఒక్కటే.

"మరి కొట్టలేదా?"

మర్నాడు ఇద్దరూ దుకాణం సేటు దగ్గరికి పోయారు. సేటు ఓపిగ్గానే విన్నాడు. "దుకాణంల అందరికి నేర్పుతాందట గదా మీ ఆమె. ఇష్టం లేకపోతె కొట్టకపోవునా తమ్మీ?" అన్నాడు జీవన్‌తోనే, వాసంతి వైపు చూడకుండా. జీవన్ సేటు వైపు కాక భార్య వైపు తిరిగాడు. అదే ప్రశ్న అతని గుండెలోనూ ఉందని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. పోలీసుల దగ్గరికి పోదామని తర్వాత అతనే అన్నాడు. "ఆడ గూడ గిదే అడుగుతరు," అని ఆమె కదల్లేదు.

లింగమ్మ అయితే మంచం మీద నుంచి లేచి కూర్చుని, "ఆ పిలగాని నెత్తురు నా పెయిల తిరుగుతాంది. గసొంటోడు గట్ల చేస్తడా?" అంది.

వాసంతి పని మానేసింది. జీవన్ కొట్టలేదు, తిట్టలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "కనీసం గట్టిగ ఒర్లినా అయిపోతుండె, కిందోళ్లు ఇనేటోళ్లు," అనేవాడు. ఇంకోసారి, "నా మూతి పలగొట్టినవ్ గదనే," అన్నాడు. తర్వాత అదీ మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

నెల తిరగకుండానే పక్కింటి తిరుమల ఆ ఖాళీలో చేరింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. వాసంతి గడప దిగి, ఆమెను ఆపింది.

"పిల్లా, మీద గోదాముల ఒక్కదానివి పోకు. ఆ మల్లికార్జున్..."

"మంచోడక్కా ఆయన. మొన్న మా అవ్వను దవాఖానకు బండి మీద తీస్కపోయిండు." తిరుమల కాస్త తడబడి, చూపు తిప్పుకుంది. "నువ్వే ఏదో లొల్లి పెట్టుకున్నవట గదా. బస్సు పోతది, వస్తనక్కా."

చెప్పాలంటే ఇంకా చాలా ఉంది. తను కొట్టలేదన్న సంగతి నుంచే మొదలుపెట్టాలి. పిల్ల వీధి మలుపు తిరిగింది. వాసంతి వెనక్కొచ్చి గడప మీద కూర్చుంది. లోపలి నుంచి ఎవరూ పిలవలేదు.