పెద్దపిల్ల చోటు

మా జమీందారీ వంశంలో పిల్లలు బడికి వెళ్ళేవారు కాదు, బడే ఇంటికి వచ్చేది. గురువుగారు పాఠం పెద్దపిల్లకి చెప్పేవారు. పెద్దపిల్ల దాన్ని నడిమివాడికి చెప్పాలి, వాడు చిన్నదానికి చెప్పాలి. సాయంత్రం ముగ్గురూ అప్పగించాలి. చిన్నది తడబడితే గురువుగారు నిలదీసేది పెద్దపిల్లని. నేను పుట్టేనాటికి భూములు లేవు, గురువులు లేరు, కోర్టు వాయిదాలు మాత్రం ఉండేవి. అయినా మా నాన్నగారు నన్ను జంపఖానాకి గోడవైపు చివర కూర్చోబెట్టి, "ఇది పెద్దపిల్ల చోటు. ఇక్కడ కూర్చున్నవాళ్ళు జారగిలబడకూడదు" అన్నారు. నేను ఇప్పటికీ జారగిలబడను.

ఆ జంపఖానా ఇప్పుడు వసంత్ కుంజ్‌లో మా అద్దె ఫ్లాట్ హాల్లో ఉంది.

పిల్లల్ని బడి మాన్పించడానికి కారణం పొగ. ప్రతి చలికాలం బడులు మూసేసి పాఠాలు ఫోన్‌లో చెప్పేవారు. నా ముగ్గురు పిల్లలూ మూడు తెరల ముందు మూడు గదుల్లో కూర్చుని "యెస్ మేమ్" అనడం విన్నాను. ఇంతకన్నా నేను బాగా చెప్పగలననిపించింది. పెద్దమ్మాయికి పన్నెండు, అబ్బాయికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. ముగ్గురికీ చేతులతో చేసి నేర్చుకునే చదువు కావాలి. మా వారు గుర్‌గావ్ ఆఫీసు నుంచి వచ్చి, "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటని నేను నమ్మాను.

ఏ పాఠ్యక్రమం తీసుకోవాలో తేల్చుకోవడానికి నమూనా పెట్టెలు తెప్పించి జంపఖానా మీద పరిచాను. గరాటులు, అయస్కాంతాలు, బంకమట్టి, స్ప్రింగు త్రాసు. ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు దగ్గర నిలబడి నవ్వింది.

"ఏంటండీ రాణీగారూ, హాల్లో కొట్టు పెట్టేశారు!"

ఆవిడ నర్సు. మాది ఏ జిల్లానో ఆవిడదీ అదే జిల్లా. ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. రాణీగారూ అని ఇంకెవరన్నా అంటే ఊరుకునేదాన్ని కాదు. మా ఇద్దరి మధ్యా ఒక స్టీలు గిన్నె తిరుగుతూ ఉండేది. గోంగూర పచ్చడితో వస్తే పులిహోరతో వెళ్ళేది. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారయినా వేసేవాళ్ళం. గిన్నె ఖాళీగా తిప్పి పంపడం రెండిళ్ళలోనూ లేదు.

చివరికి పోటీ రెండు రకాల మధ్య మిగిలింది. ఒకదాంట్లో ఏ వయసు పెట్టె ఆ వయసుకే, ఎవరి చదువు వాళ్ళదే. రెండోదాంట్లో నెలకి ఒకటే విషయం, ముగ్గురికీ కలిపి. నీళ్ళ నెలలో చిన్నది ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చూస్తుంది, అబ్బాయి నీటిచక్రం కడతాడు, పెద్దది ట్యాంకర్ నీళ్ళలో ఉప్పెంతో ఫిల్టర్ నీళ్ళలో ఎంతో కొలిచి, మిగతా ఇద్దరికీ వివరిస్తుంది. పార్కులో కలిసే ఒక పంజాబీ తల్లి కూడా రెండోదే తీసుకోమంది, ముగ్గురికీ విడివిడిగా అయితే పిచ్చెక్కుతుందని. "దీదీ, తీనోం కా అలగ్ అలగ్ లోగీ తో పాగల్ హో జావోగీ."

పెద్దమ్మాయిని అడిగాను. తన వయసు పెట్టె మూత తీసి, అందులో ఉన్న చిన్న మైక్రోస్కోపుని వేలితో తాకి, "నాకిది" అంది.

"రెండోదాంట్లో నువ్వే గురువువి" అన్నాను. "మన ఇంటి పద్ధతి అది."

"ఠీక్ హై" అంది.

ఆ ఏడాది బాగా నడిచిందనే అనుకున్నాను. నీళ్ళు, మట్టి, వెలుగు. పెద్దది గోడవైపు నిటారుగా కూర్చుని, టార్చి పట్టుకుని చిన్నదానికి నీడలు చూపించేది. చిన్నది తప్పు చెప్తే నేను పెద్దదాని వంక చూసేదాన్ని. అది మళ్ళీ మొదటినుంచి చెప్పేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నా రక్తమే అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఎదురింటావిడ, "పెద్దపాప కళ్ళు నలుపుకుంటోందండీ. శనివారం మా హాస్పిటల్‌కి తీసుకెళ్ళి చూపించి తెస్తాను" అంది. మా వారు కారు తీశారు. మధ్యాహ్నానికి వచ్చి, కళ్ళు బాగున్నాయట అన్నారు. ఆవిడ పుణ్యమా అని నాకు ఒక దిగులు తీరిందని, ఆ సాయంత్రం గిన్నె నిండా రవ్వలడ్లు పంపాను.

మార్చి చివర్లో కర్టెన్లు ఇవ్వడానికి మార్కెట్లో దర్జీ దగ్గరికి వెళ్ళాను. అతను బల్ల కింద నుంచి ముదురు నీలం స్కర్ట్ తీసి దులిపాడు.

"మేడమ్, బేబీ కీ యూనిఫార్మ్. లంబాయీ కమ్ కర్ దీ. సాబ్ కో బోల్నా, రెడీ హై."

పొడవు తగ్గించాడట, సాబ్‌కి చెప్పాలట. ఎవరి బేబీ అని అడగలేదు. ఆ నడుము కొలత నాకు తెలుసు. కర్టెన్లు బల్ల మీద పెట్టి, స్కర్ట్ తీసుకుని వచ్చేశాను. దర్జీకి తెలిసిన సంగతి తల్లికి తెలియదని అతను గ్రహించకూడదని, దారంతా మామూలుగా నడిచాను.

హాల్లో మా వారూ పెద్దమ్మాయీ ఉన్నారు. గిన్నెలో పప్పు తెచ్చిచ్చి కబుర్లు చెబుతూ ఎదురింటావిడ కూడా ఉంది. స్కర్ట్ జంపఖానా మీద పెట్టాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అక్కడ నాకు మిగతాదంతా అర్థమైంది.

"కళ్ళ పరీక్షా?" అన్నాను.

"స్కూల్ వాళ్ళ ఎంట్రన్స్" అన్నారు మా వారు. "చెప్తే ఒప్పుకునేదానివా?"

"అడిగితే తెలిసేది."

"తిట్టండి, పడతాను" అంది ఎదురింటావిడ. "పాప నా దగ్గర కూర్చుని ఏడ్చిందండీ. చూళ్ళేకపోయాను."

ఏడవడానికి నా కూతురు ఎదురింటికి వెళ్ళింది. అది దర్జీ మాట కన్నా లోతుగా దిగింది.

పెద్దమ్మాయి తలెత్తింది. "మమ్మా, వాటర్ గురించి నేను చిన్నదానికి చెప్పాను, తమ్ముడికి చెప్పాను. ముఝే కౌన్ బతాయేగా, నాకెవరు చెప్తారు?"

"నన్నడగొచ్చుగా."

"అడిగాను. ఆ బాక్స్ చూపించానుగా. యూ సెడ్ నో."

"చూపించడం అడగడం కాదు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

అది ఎదురుతిరిగి ఉంటే కోప్పడేదాన్ని. చివరికి ఓడిపోయేదాన్నేమో కూడా. కాని నా ఎదుట, నాకు తెలిసి ఓడిపోయేదాన్ని. మా ఆస్తిని బయటివాళ్ళు వచ్చి లాక్కోలేదు. ఇంట్లోవాళ్ళే, ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తూ, వడ్డించినవాళ్ళని మెచ్చుకుంటూ తీసుకున్నారు. మా నాన్నగారు ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు ఎందుకలా ఉండేదో నాకు ఆ రోజు తెలిసింది. నేను చేసిన లడ్లు వాళ్ళు ముగ్గురూ తిన్నారు.

బడి తెరిచిన రోజు పొద్దున మా వారే పెద్దదాన్ని బస్సు దగ్గరికి తీసుకెళ్ళారు. దర్జీ అంచు వంకరగా కుట్టాడు. రాత్రే విప్పి సరిచేసి, ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేశాను. మా ఇంటి పిల్ల వంకర అంచుతో బయటికి వెళ్ళదు. అంతకుమించి దానికి అర్థం ఏమీ లేదు.

తరవాత ఎదురింటి గిన్నె కడిగి తుడిచాను. అలమరలో పంచదార డబ్బా ఉంది. తీయలేదు. ఖాళీ గిన్నె తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ లోపలికి చూసింది, నా మొహంలోకి చూసింది. రాణీగారూ అనలేదు.

ఆ నెల విషయం గాలి. అబ్బాయి గాలిమర పుల్లలు పేర్చుకుంటూ గోడవైపు జరగబోయాడు.

"అక్క లేదుగా మమ్మా, మై ఇధర్ బైఠ్ జావూఁ?"

"నీ చోట్లో నువ్వు కూర్చో" అన్నాను.

మధ్యాహ్నం పెద్దది బడి నుంచి వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పింది. జంపఖానా చివర ఖాళీని చూసింది. నేను గాలిమర రెక్క పట్టుకుని చిన్నదానికి చెబుతూనే ఉన్నాను. కాసేపు నిలబడి, జంపఖానా తొక్కకుండా అంచు వెంబడే నడిచి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల సంచి తెరిచిన చప్పుడు వినిపించింది. వీపు నిటారుగా పెట్టుకుని, పాఠం మొదటినుంచి మళ్ళీ చెప్పాను.