మిడిల్‌వెయిట్ టైటిలూ, మా మామ పదకొండు జీవాలూ

ఆ ఫైట్ మాట ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. గెలిచినవాడి మీద కాదు, ఓడినవాడి మీదా కాదు. వాళ్ళిద్దరూ ఎక్కడో అమెరికాలో ఒకరినొకరు నిజాయితీగా కొట్టుకున్నారు. క్యాతగానచెర్లు ఊరి పక్కన కంటైనర్ ఆఫీసులో మేం చేసినదాంట్లో ఆ పాటి నిజాయితీ కూడా లేదు.

సోలార్ పార్కులో ప్లేట్లు కడిగే బ్యాచ్ మాది, పన్నెండు మందిమి. తెల్లవారకముందే పైపులు, వైపర్లు పట్టుకుని దిగి, ఎండ ముదిరేలోపు ముగిస్తాం. మా సూపర్‌వైజరు తుమకూరు పట్నంవాడు, ఇంట్లో కన్నడం, తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు. కాలేజీలో మిడిల్‌వెయిట్ బాక్సింగ్ ఆడాడట. ఈ సంగతి మాకు మొదటి రోజే చెప్పాడు. రెండో రోజు కూడా చెప్పాడు. డెబ్బై రెండున్నర కిలోల లోపువాళ్ళది ఆ తరగతి. మా బ్యాచ్‌లో ఆ దరిదాపుల్లో తూగేది ఆయనొక్కడే. మిగతావాళ్ళం ఏ వెయిటో తెలియాలంటే హొసకోటలో శెనక్కాయల మూటలు తూచే కాటా ఎక్కాల్సిందే.

టైటిల్ ఫైట్‌కు నెల ముందు నుంచే మా వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలైంది. నల్ల నిక్కరు ఛాంపియన్‌ది. కుడిచేతి దెబ్బ తగిలితే ఎదుటివాడికి ఊరు పేరు గుర్తుండదని పేరు. ఎర్ర నిక్కరువాడు ఎడమచేతివాటం, సన్నంగా ఉంటాడు, తగిలీ తగలకుండా తప్పుకుంటాడు. సూపర్‌వైజరు ఛాంపియన్ వైపు. అందువల్ల పదకొండు మందిమి ఛాంపియన్ వైపు. డ్యూటీ చార్టు రాసేవాడి అభిమానం తెలిశాక బాక్సింగ్ ఏమంత కష్టమైన సబ్జెక్టు కాదు. ఒకడు మాత్రం మూడో పోటీదారు మాట ఎత్తాడు, వీళ్ళిద్దరూ వాణ్ణి తప్పించుకుని తిరుగుతున్నారని. మరుసటి రోజు అతన్ని నీళ్ళ ట్యాంకరుకు అన్నిటికంటే దూరంగా ఉండే బ్లాకుకు వేశారు. ఆ పోటీదారుకు మా తాలూకాలో ఉన్న ఏకైక అభిమాని అలా ఖర్చయిపోయాడు.

పన్నెండోవాడు మా మేనమామ. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచీ గొర్రెలే. జాత్రలకు పొట్టేళ్ళను మేపి పందేలకు దించినవాడు. భూమి సోలార్ పార్కుకు లీజుకు పోయాక ఆయనకు మిగిలినవి పదకొండు జీవాలు. బాక్సింగ్ వీడియోలు సౌండు తీసేసి చూసేవాడు. పాత ఫైట్లు అన్నీ చూసి ఒకే మాట అన్నాడు.

"చేతులు చూసి మోసపోతాండారప్పా మీరు. కాళ్ళు చూడండి. నల్ల నిక్కరోని వెనక కాలు ఆరో రౌండుకే బరువైపోతాండాది. రౌండు అయిపోతానే, స్టూలు ఇంకా రాకముందే కూచుండేదానికి చూస్తాండాడు. అట్లాంటి పొట్టేలును నేనైతే పందెంలోకి దించను."

సూపర్‌వైజరుకు ఇది నచ్చలేదు. జాబ్ దెబ్బ అన్నాడు, చేతుల రీచ్ అన్నాడు, స్టామినా అన్నాడు. మామ అన్నిటికీ తల ఊపి, మళ్ళీ కాళ్ళ దగ్గరికే వచ్చాడు. జాత్రలో గెలుపు ఎట్లా తేలుస్తారని ఎవరో అడిగితే, వెనక్కి తిరిగిన పొట్టేలు ఓడినట్టు, అంతకు మించి లెక్క లేదని చెప్పాడు. ఆ మాట నా చెవిన పడింది. పడకుండా ఉంటే బాగుండేది.

ఫైట్ ముందు శుక్రవారం టీ తాగుతుండగా సూపర్‌వైజరు అందరి ముందూ మామను నిలేశాడు. ఎర్ర నిక్కరువాడు గెలిస్తే ఏం కావాలో అడగమన్నాడు. మామ టీ గ్లాసు కింద పెట్టి, నోరు తుడుచుకుని అడిగాడు. వేరే ఏమీ వద్దు, తన జీవాల్ని తన వరుసల్లో మేపుకోనిస్తే చాలన్నాడు.

తన వరుసలంటే పద్దెనిమిది నుంచి ముప్పై ఒకటి దాకా. మామ పొలం హద్దులు ఇప్పుడు అవే. మేం ప్లేట్లు కడిగిన నీళ్ళు కింద కారి, ఆ వరుసల మధ్య గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. కంచె బయట వానలు లేక నేల నోరు తెరుచుకుని ఉంటుంది. మామ జీవాలు కంచెకు మూతులు ఆనించి లోపలి పచ్చదనాన్ని చూస్తూ నిలబడతాయి. లోపలి గడ్డికి మేం నెలనెలా మందు కొట్టి చంపుతాం. మామ అంతకు ముందు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ రూల్సు ఒప్పుకోవన్నారు. ఆ శుక్రవారం మాత్రం సూపర్‌వైజరు నవ్వి, "సరే, ఎర్రవాడు గెలిస్తే సోమవారం నుంచి తోలుకో" అన్నాడు. మందు కొట్టేలోపు గొర్రెలే మేసేస్తే తనకూ ఖర్చు తగ్గుతుందని కూడా అన్నాడు. పన్నెండు మందిమి విన్నాం.

ఆదివారం పొద్దున తొమ్మిదికి ఫైట్. పని ముగించి, తడి ప్యాంట్లతోనే కంటైనర్‌లో ల్యాప్‌టాప్ ముందు కూచున్నాం. ఆరో రౌండు దాకా ఛాంపియన్ దంచాడు. సూపర్‌వైజరు కుర్చీలోనే సగం బాక్సింగ్ ఆడాడు. ఏడో రౌండు విరామంలో ఛాంపియన్ వీపు స్టూలును వెతుక్కుంటూ వెనక్కి వంగింది. మామ తన మోకాలి మీద వేలితో ఒకసారి తట్టాడంతే. అక్కడి నుంచి ఎర్ర నిక్కరువాడు తగిలించడం, తప్పుకోవడం, మళ్ళీ తగిలించడం. పన్నెండు రౌండ్లూ అయ్యాయి. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఎర్రవాడికి రాశారు.

మామ లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "రేపు తోలుకొస్తా సార్" అన్నాడు. అంత మెల్లగా, అంత మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద నాకు ఎందుకో సినిమా క్లైమాక్సులా అనిపించింది. అలాంటి చోట నా నోరు ఊరుకోదు.

"అదెట్లా మామా? వెనక్కి తిరిగినోడే ఓడినట్లు అంటివి గదా. ఈడ ఇద్దురూ గుంజల మాదిరి నిలబడుకోనుండారు. నీ లెక్కలో ఇంగా పందెమే ముగియల్యా."

పదిమందీ విరగబడి నవ్వారు. నవ్వు ఆగేలోపు సూపర్‌వైజరు నా వీపు తట్టాడు. కరెక్టుగా చెప్పావన్నాడు. మామ రూలు ప్రకారమే మామ గెలవలేదు, నాకౌట్ కాదు కదా, జడ్జీలు అమ్ముడుపోయినా పోయి ఉంటారు, చూద్దాం, రీమ్యాచ్‌లో తేలనీ అన్నాడు. మామ నన్ను చూడలేదు. సూపర్‌వైజరునూ చూడలేదు. "సరే సార్" అని బయటికి పోయి చెప్పులు వేసుకున్నాడు.

నా మాట వల్ల ఒక మనిషికి గేటు ఇంత సులువుగా మూసుకుంటుందని నాకు తెలియదు. కొళాయి దగ్గర సూపర్‌వైజరును పట్టుకుని, నేనన్నది జోకు సార్, మీరన్నది మాట అని చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "నాది కూడా జోకే కదప్పా. జోకులన్నీ నువ్వే వెయ్యాలా?" అన్నాడు. పదిమందిలో ఒక్కడైనా వచ్చి, మేమూ విన్నాం సార్ అంటాడేమోనని చూశాను. ఒకడు ఛాంపియన్‌కు అన్యాయం జరిగిందని గ్రూపులో ఏడుపు బొమ్మలు పెడుతున్నాడు. అమెరికాలో అన్యాయానికి మావాళ్ళు ఎంత తొందరగా చలించిపోతారో.

సోమవారం చార్టులో గడ్డి మందు డ్యూటీ నాకు పడింది. పద్దెనిమిదో వరుస నుంచే మొదలుపెట్టమన్నాడు. అదేం యాదృచ్ఛికం కాదు, పిలిచి మరీ చెప్పాడు. ఆయన జీపులో కూచుని చూస్తుంటాడు కాబట్టి కొట్టకుండా తప్పించుకునే వీలు లేదు. మందు ఇంకా కలపకముందే క్యాను మూడుసార్లు కడిగాను. ఉత్త నీళ్ళు నింపుకున్నాను. వీపున మోసుకుని పద్నాలుగు వరుసలూ చాలా శ్రద్ధగా నీళ్ళు కొట్టాను. అంత శ్రద్ధగా నేనే పనీ చేసి ఎరగను. మిగతా బ్లాకుకు మందు కలిపాను. దూరంగా నలభయ్యో వరుసలో వైపరు పట్టుకుని మామ నిలబడి, నేను కొట్టినంతసేపూ చూశాడు.

మధ్యాహ్నం కొడవలితో ఆ వరుసల్లో గడ్డి కోశాను. గడ్డి తీయడం మా పనే కాబట్టి గేటు దగ్గర ఎవరూ అడగలేదు. మోపు నెత్తిన పెట్టుకుని మామ ఇంటికి పోయాను. ఆయన దొడ్డి ముందు కూచుని ఉన్నాడు. జీవాలు వాసన పట్టి తడికెను తోశాయి. మామ లేచి మోపుకూ తడికెకూ మధ్య నిలబడ్డాడు.

"పొద్దున దీనికే కదా మందు కొడితివి."

"నీళ్ళు మామా. ఉత్త నీళ్ళు."

"చూడప్పా, నవ్వులాటకైతే వద్దు. పదకొండు జీవాలుండాయి ఈడ."

నాకు కోపం నషాళానికెక్కింది. అందరి ముందూ మాట ఇచ్చి మింగినవాణ్ణి ఈయన "సార్" అంటాడు. వాడి మాట నమ్మి, తువ్వాలు దులుపుకుని లేచాడు. వీపు నొప్పి పుట్టేలా నీళ్ళు మోసినవాడి మాటకు మాత్రం సాక్ష్యం కావాలి. అరవబోయాను. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆయన నన్ను అవమానించడం లేదు. నేను ఇన్నేళ్ళుగా చెప్పిన మాటల్లో ఏది నిజమో, ఏది కాదో ఆయన నిజంగానే వెతుక్కుంటున్నాడు.

మోపు మధ్యలోంచి గుప్పెడు గడ్డి లాగి నోట్లో పెట్టుకుని నమిలాను. చేదుగా, మట్టిగా ఉంది. మింగడం అనుకున్నంత సులువు కాదు. జీవాలు నన్ను అసూయగా చూశాయి.

మామ అప్పుడు కూడా మోపు విప్పలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, పక్కన అరుగు మీద కూచోమన్నాడు. ఎండ దిగేదాకా నన్ను కూచోబెట్టాడు. నడుమ నడుమ నా కనురెప్ప కిందికి లాగి చూశాడు, నాలుక చూపించమన్నాడు. ఒకసారి లేచి దొడ్డి చుట్టూ నడవమన్నాడు. నడిచాను. ఆయన నా కాళ్ళే చూస్తున్నాడు.

ఎండ తడికె దిగాక మోపు కట్టు కోసి లోపలికి విసిరాడు. పదకొండూ ఒకేసారి మూతులు పెట్టాయి. ఆ నమిలే చప్పుడు మధ్య నా ఫోను మోగింది. గ్రూపులో రీమ్యాచ్ చర్చ మొదలైంది, నన్ను జోకు వెయ్యమంటున్నారు. ఫోను జేబులో పెట్టేశాను.

"రేపు గూడా తెస్తావా?" అన్నాడు మామ.

"తెస్తా."

"తిని చూపించల్ల మరి."

ముఖంలో నవ్వు ఉందేమోనని వెతికాను. లేదు.