ఆషాఢంలో చూసిన కొట్టం

మా గుర్రం ఆడది, తెల్లది. పెళ్ళి ఊరేగింపుల్లో పెళ్ళికొడుకును మోస్తుంది. బెంగళూరులో దానికి నిలబడే జాగా వెతకడానికి నాకూ మా మరిదికీ ఒక వేసవి అంతా, ఆషాఢంలో సగమూ పట్టింది. దొరికిన జాగాలో దాన్ని నిలబెట్టడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

మా ఆయన మొదట జట్కా తోలేవాడు. జట్కాలు పోయాక ఊరేగింపు గుర్రం పెట్టుకున్నాడు. ఇది ఆయన కొన్న చివరి గుర్రం. రెండేళ్ళు ఓపిగ్గా దీనికి అడుగులు నేర్పాడు. ఖాళీ కిరసనాయిలు డబ్బాను కర్రతో వాయించేవాడు. ముందుకాలు ఎత్తితే గుప్పెడు ఉలవలు పెట్టేవాడు, ఎత్తకపోతే లేదు. డబ్బా మోగినంతసేపూ కాళ్ళు మార్చి మార్చి ఎత్తాలి, ఆగగానే ఆగాలి. ఆ తర్వాత డబ్బా పోయి డోలు వచ్చింది. డోలు వినబడితే చాలు, గుర్రం తనంతట తానే ఆడేది. అది పెళ్ళి చూసి సంతోషంతో ఆడుతోందని జనం అనుకునేవారు. అది ఆడింది ఉలవల కోసం.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఊరేగింపులో కళ్ళెం పట్టుకుని నడిపించేది మా మరిది. మేత వేయడం, నీళ్ళు పెట్టడం, కడగడం నా పని.

పేటలో మా ఇంటి వెనక సందులో ఒక రేకుల కొట్టం ఉండేది. గుర్రాన్ని అక్కడే కట్టేవాళ్ళం. కొట్టం యజమాని పోయాక ఆయన కొడుకులు ఆ స్థలంలో నాలుగంతస్తులు లేపాలనుకున్నారు. ఉగాది దాటాక మా ఇంటికి వచ్చి, ఆషాఢం ముగిసేలోపు ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పారు. వాళ్ళ తప్పేమీ లేదు. స్థలం వాళ్ళది.

జాగా దొరక్కపోతే గుర్రం ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. ఇటుక బట్టీ పెట్టుకున్న ఒకతను అప్పటికే రెండుసార్లు వచ్చి దాని పళ్ళు చూసిపోయాడు. బట్టీల్లో బండ్లు లాగే గుర్రాలను నేను చూశాను. వాటి వీపు మీద పుండు లేని చోటు వెతుక్కుని చేయి పెట్టాలి. దీన్ని అక్కడికి పంపడం నాకు ఇష్టం లేదు. మరిదికీ లేదు కానీ అతను ఆ మాట పైకి అనడు. "చూద్దాంలే వదినా" అంటాడు, అంతే.

గుర్రానికి జాగా అంటే నాలుగు గోడలు చాలవు. మట్టి నేల కావాలి, టైల్స్ మీదైతే లాడం జారుతుంది. పడుకుని పొర్లడానికి వెడల్పు కావాలి. నీళ్ళు కావాలి. లద్దె ఎత్తి పోయడానికి ఒక మూల కావాలి. ఈ ఊళ్ళో కారుకైతే ప్రతి ఇంటి కిందా జాగా ఉంది. వైట్‌ఫీల్డ్‌లో ఒకాయన తన ఇంటి కింద కారు పెట్టే చోటే చూపించాడు. లోపలికి దిగే వాలు నున్నటి సిమెంటు. అక్కడ నా కాలే జారింది. ఇంకేం చూసేది, తిరిగి వచ్చేశాం.

బ్రూక్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల పక్కన ఒక ఖాళీ స్థలం ఉందని ఎవరో చెబితే అక్కడికీ పోయాం. ఆ స్థలం ఆంధ్రా నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న ఒక అమ్మాయిది. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"యాక్చువల్లీ ఆంటీ, మా పిల్లలకి హార్స్ అంటే పిచ్చి. కానీ పక్క అసోసియేషన్ వాళ్ళు కంప్లైంట్ చేస్తారు. స్మెల్ వస్తుంది కదా?"

"గుర్రానికి గుర్రం వాసనే వస్తాదమ్మా. మల్లెపూల వాసన యాడ నుంచి తెచ్చేది?" అన్నాను.

మరిది నన్ను మోచేత్తో పొడిచాడు.

"పోనీ వీకెండ్స్ మాత్రం పెట్టుకోండి ఆంటీ. పిల్లలు కూడా ఎంజాయ్ చేస్తారు."

"తక్కిన అయిదు దినాలు దాన్ని మడిచి బీరువాలో పెట్టుకోవల్లనా?"

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది కానీ స్థలం ఇవ్వలేదు. తిరుగు బస్సులో మరిది నా మీద విసుక్కున్నాడు.

"నువ్వు నోరు మూసుకునుంటే ఏదో ఒక దోవ పడేది కదా వదినా."

"ఏం దోవప్పా? శని ఆదివారాల దోవనా?"

ఇంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు జరగవు. ఊరేగింపుల మీద బతికే మాకు అది ఖాళీ నెల. గుర్రానికి కొత్త లాడాలు కొట్టించడం, జీను కుట్టించడం, బంధువుల ఇళ్ళకు పోయి రావడం అన్నీ ఆ నెలలోనే. జాగా వెతకడానికి కూడా ఆ నెలలోనే తీరిక దొరికింది. సర్జాపుర పోయే రోడ్డులో ఒక కల్యాణ మంటపం ఉంది. దాని వెనక పాత ఆవుల కొట్టం ఖాళీగా ఉందని తెలిసింది. మంటపం యజమాని మాలాగే తాతల కాలం నుంచీ ఇక్కడున్న తెలుగువాడు.

"మా నాయన ఆవులు కట్టిన జాగా అక్కా ఇది. సుమ్నే, ఊరికే పడుండాది. మీ గుర్రాన్ని కట్టుకోండి. గుర్రం ఈడే ఉంటే మాకూ మంచిదే, పెళ్ళోళ్ళు అడుగుతా ఉంటారు" అన్నాడు.

మెత్తటి మట్టి నేల. రాతి తొట్టి. బోరు నీళ్ళు. కానుగ చెట్టు నీడ. చప్పుడన్నది లేదు. మేం మాట్లాడుతూ ఉండగానే మరిది తొట్టి అంచున కూర్చుని కునుకు తీశాడు, అంత ప్రశాంతంగా ఉంది. అక్కడికక్కడే ఒప్పుకున్నాం. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అందుకని ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాను. అద్దె కాగితం రెండుసార్లు చదివి సంతకం చేశాను. ఆయన ఆఫీసు గోడకున్న పంచాంగం క్యాలెండరును మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

శ్రావణం వచ్చింది. మొదటి ముహూర్తం రోజు పొద్దున్నే మేత తీసుకుని బస్సు దిగేసరికి మంటపంలో డోలు, నాదస్వరం మోగుతున్నాయి. వెనక్కి పోయి చూస్తే గుర్రం కట్టుగొయ్య దగ్గర నిలబడి ఆడుతోంది. ఒళ్ళంతా చెమట. ముందు రోజు వేసిన గడ్డి సగం అలాగే ఉంది. డోలు ఆగితే ఆగుతోంది. తల దించి గడ్డి అందుకోబోయేలోపు మళ్ళీ డోలు మోగుతోంది, మళ్ళీ కాలు ఎత్తుతోంది. తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగినప్పుడు దాని కాళ్ళ కింద మట్టి గుంట పడింది. సాయంత్రం రిసెప్షన్‌కు బ్యాండు వచ్చింది.

ఊరేగింపులో డోలు మంటపం గుమ్మం దాకా మోగుతుంది. పెళ్ళికొడుకు దిగగానే మేం గుర్రాన్ని ఇంటికి తోలుకొచ్చేస్తాం. ఆ తర్వాత లోపల ఎంతసేపు మోగుతుందో గుర్రానికి ఎప్పుడూ తెలియదు. మాకు తెలుసు. ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళ మీద అన్నం తిన్న ఇద్దరం పోయి, పెళ్ళిళ్ళు లేని నెలలో కల్యాణ మంటపాన్ని చూసి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని వచ్చాం.

"అలవాటవుతాదిలే వదినా" అన్నాడు మరిది.

అలవాటు కాలేదు. శ్రావణమంతా ముహూర్తాలే. మరిది దాని చెవుల్లో దూది పెట్టాడు. అది తల విదిలించి పారేసింది. మూడో వారానికి కుడి ముందుకాలు గిట్ట పైన వాచింది. పశువుల ఆసుపత్రి డాక్టరు వచ్చి నొక్కి చూసి, ఇలాగే ఆడితే ఆ కాలు ఇక పనికిరాదన్నాడు. జాగా మార్చండి, లేదా ఆట మాన్పించండి అన్నాడు. పేటలో మా పాత కొట్టం ఉన్నచోట అప్పటికే పునాదులు తవ్వేశారు. అంతకుముందు వారమే బట్టీ అతను మరిదికి ఫోన్ చేశాడు. కాలు పోయిన గుర్రాన్ని అతను కూడా తీసుకోడు.

"ఆట మాన్పిస్తా" అన్నాను.

మరిది కట్టు కడుతున్నవాడల్లా ఆగిపోయాడు. "ఆడని గుర్రాన్ని ఎవురు పిలుస్తారు వదినా? అన్న రెండేండ్లు కష్టపడి నేర్పినాడు. అన్నది మనకు మిగిలిందే అది."

"మీ అన్నది మిగిలింది గుర్రం. ఆట కాదు."

"ఆట ఉంటేనే కదా దానికీ మనకీ కూడు?"

"కాలు పోతే ఆట యాడుంటాది? నీ కాళ్ళతో ఆడతావా?"

రెండు రోజులు అతను కట్టు కట్టి, కట్టగానే వెళ్ళిపోయాడు. మూడో రోజు పెళ్ళి లేదు. నేను ఒక డబ్బా సంపాదించి, ఒడిలో ఉలవలు పోసుకుని గుర్రం ముందు కూర్చుని కొడుతున్నాను. మరిది వచ్చి కాసేపు విన్నాడు.

"ఇట్లా ఇయ్యి. నువ్వు ఉలవలు పెట్టు చాలు. నీకు తాళం రాదు" అని నా చేతిలోంచి కర్ర లాక్కున్నాడు.

మా ఆయన చేసిందంతా తిరగేసి చేశాం. డబ్బా మోగుతున్నప్పుడు కాలు కదపకుండా ఉంటే ఉలవలు, ఎత్తితే లేదు. మొదట ఒకే దెబ్బ. తర్వాత రెండు. కొట్టింది లేదు, కసిరింది లేదు. మొదటి రోజు అది కాలు ఎత్తి నా వైపు చూసింది. నేను పిడికిలి విప్పలేదు. నేను చూడలేదనుకుంది కాబోలు, ఇంకా పైకి ఎత్తింది. అప్పుడూ విప్పలేదు. ఇంకా పైకి, కట్టు కట్టిన కాలు మోకాలి దాకా మడిచి ఎత్తి పట్టుకుంది. మరిది డబ్బా ఆపి, కర్ర కింద పెట్టి, బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. మర్నాడు మళ్ళీ కూర్చున్నాం.

భాద్రపదంలో పెళ్ళిళ్ళు లేకపోవడం మాకు కలిసొచ్చింది. కాలికి విశ్రాంతి దొరికింది, పాఠానికి వ్యవధి దొరికింది. ఆశ్వయుజం ముగిసేసరికి మరిది పాట మొత్తం వాయించినా గుర్రం నిలబడి తింటోంది. అప్పుడు క్యాలెండరులో ముహూర్తాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యాక ప్రతి ముహూర్తానికీ మొదటి దెబ్బ పడకముందే కొట్టంలో ఉండేదాన్ని. లోపల అసలు డోలు, ఇక్కడ నా గుప్పెట్లో ఉలవలు.

కార్తీకంలో ఒక ఊరేగింపుకు పిలిచారు. నేనూ వెంట నడిచాను. డోళ్ళు, బ్యాండు, ముందు బంధువుల డాన్సులు. మా గుర్రం మేతకు పోతున్న ఆవులాగా నడిచింది. పెళ్ళికొడుకు బాబాయి వెనక్కి వచ్చాడు.

"ఏంటి ఆంటీ, మీ హార్స్ స్టెప్స్ వెయ్యట్లేదు? వీడియో చూసి బుక్ చేశాం."

"వీడియో పాతదప్పా. స్టెప్పులు మీరేస్తా ఉండారు కదా, చాల్లే."

రెండు చేతులా జీను పట్టుకుని వేలాడుతున్న పెళ్ళికొడుకు పైనుంచి, "నడవనీ బాబాయ్, ఇలాగే బాగుంది" అన్నాడు.

ఆ పెళ్ళికొడుకులాంటి వాళ్ళు అక్కడక్కడా ఉన్నారు, ఎక్కువ మంది లేరు. పిలుపులు సగానికి తగ్గాయి. మరిది వారంలో నాలుగు రోజులు టెంపో తోలుతున్నాడు. అప్పుడప్పుడు నన్ను ఒక మాట అంటాడు. అతను అనేది అబద్ధం కాదు. గుర్రం మాత్రం ఆ కొట్టంలోనే ఉంది. కాలి వాపు దిగిపోయింది. బట్టీ అతను మళ్ళీ ఫోన్ చేస్తే, అమ్మేది లేదని చెప్పింది మరిదే.

ముహూర్తం ఉన్న రోజుల్లో ఇప్పటికీ మొదటి బస్సుకే పోతాను. లోపల గట్టిమేళం మోగగానే దాని కుడి భుజం మీద చర్మం వణుకుతుంది, ఈగ వాలినట్టు. కాలు మాత్రం లేవదు. తల దించి గడ్డి తింటూనే ఉంటుంది. మేళం ఆగేదాకా నిలబడి, లద్దె ఎత్తి, నీళ్ళు నింపి వస్తాను.