ఏడో గేటు అవతల

మా అన్నను ఆటకు పిలవడం నేను చేసిన మొదటి తప్పు. ఆయనకు తెలిసిన ఆటనే ఎత్తుకోవడం రెండోది.

ఆదివారం మధ్యాహ్నాలు కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. అన్న, నేను, మా బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లు. వాళ్లలో ఒకామె చర్చి నుంచి నేరుగా వచ్చేస్తుంది. మాది కథల ఆట. నేను కథ నడుపుతాను, వాళ్లు అందులో వీరులై ఏం చేస్తారో నోటితో చెప్తారు. అయ్యేదీ కానిదీ పాచిక తేలుస్తుంది. రాక్షసులూ కోటలూ మావాళ్లకు రుచించలేదు. అందుకని మా చిన్నప్పుడు బోధన్ వీడియోగేమ్ దుకాణంలో ఉన్న, రూపాయి బిళ్ల వేసి ఆడే ఒక మిషన్ ఆటను కథగా మలిచాను. గళ్ల దారులు, తరిమే దయ్యాలు, తాళంచెవులు, ఏడు గేట్లు.

ఆ దుకాణంలో నేను ఒక్కసారీ అడుగుపెట్టలేదు. మా చెరుకు బండి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు తూకం కోసం గంటల తరబడి వరుసలో ఆగేది. మా బాపు కాంటా దగ్గరికి పోగానే, "చాయ్ తెస్త, ఎడ్లను జూస్కో" అని అన్న మాయమయ్యేవాడు. నేను బండి మీద ఎండలో మాడేదాన్ని. ఖాళీ బండిలో మా ఊరు రెంజల్‌కు తిరిగి పోతుంటే ఆట మొత్తం చెప్పేవాడు. నాకు తెలిసింది ఆ చెప్పిన ఆటే. ఇన్నేళ్లకైనా దాని లోపలికి ఒక్కసారి పోవాలని నా పంతం.

అన్న పోనిస్తేనా! రెండు వారాలు కూర్చుని నేను గీసిన దారులు చూసి, పాచికైనా ముట్టుకోకుండా, "గీ మూల దయ్యం నాలుగు లెక్కవెట్టేదాంక ఆగి ఎడమకు మర్లుతది. గప్పుడు ఉరుకుడే" అన్నాడు.

"అన్నా, ఇది మిషిన్ కాదు. ఎటు మర్లాల్నో నేను జెప్త."

"చెప్పు చెల్లె, వద్దన్ననా? గని అది ఎడమకే మర్లుతది."

టీచర్లిద్దరూ ఆయనతో కలిసి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను గోడ జరిపితే "గీడ గోడ ఉండది" అని దెబ్బలాట. పోనీ చావుకైనా భయపడతారా అంటే, మిషన్‌లో లాగే మనిషికి మూడు ప్రాణాలు ఇచ్చిన పాపం నాదే. "పోతె పోనీ మేడం, ఇంక రెండున్నయి గద!" అంటూ చర్చి టీచర్ పల్లీలు నములుకుంటూ దయ్యం నోట్లోకే నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొక్క ఆదివారం చూస్తాను, అదీ ఇట్లాగే అయితే పాచికలు అటక మీదికే అని అందరికీ చెప్పేశాను.

ఆ ఆదివారం ఏకంగా ఏడో గేటు దగ్గరే కథ మొదలుపెట్టాను. దాని అవతల ఏముందో చిన్నప్పుడు అన్న చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు. "గేటు తెరుచుకుంది. ఆఖరి తలుపు ముందు ఎడ్లబండి ఉంది. దాని మీద ఒక పిల్ల కూర్చుంది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఆమె ఇస్తేనే గెలుపు."

టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "వీడియోగేమ్‌ల ఎడ్లబండి ఏంది మేడం?"

సాక్ష్యం కోసం అన్న వైపు తిరిగాను. ఆయన మొదటిసారి పాచిక చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నాడు.

"గిదే గద అన్నా ఉన్నది?"

"నేను మూడో గేటు సుత దాటలే చెల్లె. నువ్వు బండి మీద ఏడ్సుకుంట గూసుంటివి. ఏమన్న జెప్పాలె గద అని జెప్పిన."

ఇన్నేళ్లు! బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని, మిషన్‌లో ఎడ్లబండి ఉంటుందని నమ్మాను. నవ్వొచ్చింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. పాచికలు డబ్బాలో వెయ్యబోయాను.

"ఆగు" అన్నాడు అన్న. "నేను బండి కాడికి పోతున్న. ఆ పిల్లను తాళంచెవి అడుగుతున్న."

ఈసారి ఆయన లెక్కపెట్టడం లేదు. ఆ పిల్ల ఏమంటుందో ఆయనకు నిజంగానే తెలియదు. నాకు తెలుసు.

"పిల్ల బండి దిగింది. పగ్గాలు నీ చేతుల వెట్టి, ఎడ్లను జూస్కో అన్నది. తలుపు తీసుకొని లోపలికి పోయింది."

"ఎంతసేపు జూస్కోవాలె?"

"చాయ్ తెచ్చేటంత సేపు" అన్నాను.